ఎర్రముక్కు మేస్త్రి పరీక్ష

చలికాలం వచ్చిందంటే డీజిల్ బళ్లన్నీ ఒక్కసారిగా మొండికేస్తాయి. అప్పుడు అందరికీ గుర్తొచ్చే మనిషి ఆయనే. వెలుగు సరిగా రాకముందే ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడతారు. ఆయన మఫ్లరు చుట్టుకుని, స్పానర్ల సంచీ భుజాన వేసుకుని, పిలవడానికి వచ్చినవాణ్ని రాత్రే ఎందుకు చెప్పలేదని దారి పొడుగునా చీవాట్లు పెడుతూ వెళతాడు. ఆ మసక వెలుతురులో మనిషి కంటే ముందు ఆయన ముక్కు కనిపిస్తుంది. చలికి కందిపోయి ఎర్రగా ఉంటుంది. అందుకే ఎర్రముక్కు మేస్త్రి అన్నారు. కోపం కూడా ఆయనకి ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆ ఎరుపులో చలి వాటా ఎంతో, కోపం వాటా ఎంతో ఆయన ఇల్లాలు కూడా తేల్చి చెప్పలేదు.

డీజిల్ ఇంజన్‌కి నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇనుమంతా చల్లబడిపోయిన పొద్దుటి పూట ఆ వేడి చాలదు. అందుకని ప్రతి సిలిండర్లోకీ ఒక హీటర్ ప్లగ్గు దూర్చి ఉంచుతారు. చూడటానికి మొద్దుబారిన పెన్సిల్ ముక్కలా ఉంటుంది. తాళం సగం తిప్పగానే దాని కొన ఎర్రగా కాలి లోపలి గాలిని వెచ్చబరుస్తుంది. అది చచ్చిపోయిందంటే బండి దగ్గుతుంది, తెల్లటి పొగ కక్కుతుంది, ఎంత బతిమాలినా లేవదు.

ప్లగ్గు బతికుందో చచ్చిందో తేల్చడానికి మేస్త్రికి ఒకటే పద్ధతి. కుర్రతనంలో నేర్చుకున్నది, తల నెరిసేదాకా మార్చలేదు. ప్లగ్గును విప్పి బల్ల అంచునున్న వైస్ దవడల మధ్య బిగిస్తాడు. బ్యాటరీ నుంచి ఒక తీగ దాని ఒంటికి చుడతాడు, రెండో తీగ దాని నెత్తిన ఆనిస్తాడు. తరవాత వంగి కళ్లార్పకుండా చూస్తాడు. కొన మెల్లగా కందుతుంది, ఎరుపెక్కుతుంది. ఆ ఎరుపు బాగా ముదిరాక తీగ తీసి, "ఎరుపొచ్చింది" అంటాడు. అదే తీర్పు. దాని మీద ఇక అప్పీలు లేదు. ఎవరైనా మీటర్ పెట్టి చూడొచ్చుగా అంటే, "సూది ఏం చెప్తుందో సూదికి తెలియాలి. నాకు ఎరుపు కనబడాలి" అని కసురుకుంటాడు.

ప్లగ్గుల సంగతి సరే, మనుషుల విషయంలోనూ ఆయనది ఇదే వరస. ఒక్కగానొక్క కూతురికి సంబంధం వచ్చినప్పుడు పెళ్లికొడుకుని చూడ్డానికి ఎవరింటికీ వెళ్లలేదు. పెళ్లికొడుకు తండ్రికి నాలుగు వీధుల అవతల స్పేర్ పార్టుల దుకాణం ఉంది. మేస్త్రి ఎవరో దారిన పోయేవాడిలా అక్కడికి వెళ్లి ఒక బేరింగు కావాలన్నాడు. కావాలనే తప్పు సైజు చెప్పాడు. ఆ దుకాణదారుడు బేరింగు చేతిలోకి తీసుకుని, ఏ బండికని అడిగి, "ఇది మీకు సరిపడదండీ. తీసుకెళ్లకండి, అనవసరంగా తిరగాలి" అని మళ్లీ అరలో పెట్టేశాడు. మేస్త్రి ఇంటికొచ్చి మఫ్లరు విప్పుతూ, "ఎరుపొచ్చింది" అన్నాడు భార్యతో. అలా పెళ్లి కుదిరింది.

వియ్యంకుడు బొత్తిగా మాటకారి కాదు. పది మాటలు కావలసిన చోట ఒక్క మాటతో సరిపెట్టి, ఆ ఒక్కటీ అన్నందుకు కూడా నొచ్చుకునే రకం. మేస్త్రి ఇద్దరి వంతూ తానే మాట్లాడేవాడు. "బావగారూ" అంటే "బావగారూ" అనుకుంటూ వాళ్లిద్దరూ చాలా ఏళ్లు బాగానే ఉన్నారు. మేస్త్రికి కావలసిన సామానంతా ఆ దుకాణం నుంచే వచ్చేది.

ఇక కూతురు. ఆ పిల్ల తండ్రి షెడ్డులో గ్రీజు పూసుకుంటూ పెరిగింది. అత్తవారింటికి వెళ్లాక ఇంట్లో కూర్చోబుద్ధి కాక వ్యాను నడపడం మొదలుపెట్టింది. ఆస్పత్రి వాళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి ఒక పని సంపాదించింది. కిడ్నీలు పాడైనవాళ్లని పొద్దున్నే ఇళ్ల దగ్గర ఎక్కించుకుని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి, అయ్యాక దించాలి. ఆ పని అంటే ఆమెకి ప్రాణం. ఎవరికి ఏ చెయ్యి పట్టుకోవాలో, ఎవరిని కిటికీ పక్కన కూర్చోబెట్టాలో, ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మాట్లాడకూడదో అన్నీ ఆమెకు తెలుసు. అందరిలోకీ ముందుగా ఎక్కేది వీధి చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే టీచరమ్మ. రిటైరై చాలా కాలమైంది, కాని బండెక్కాక డ్రైవరమ్మ చేత ఇప్పటికీ ఎక్కాలు అప్పజెప్పిస్తుంది.

ఆ ఏడు వానలు తగ్గాక పాత వ్యాను తీసేసి ఇంకాస్త కొత్త వ్యాను కొన్నారు. చలి మొదలైన వారంలో దాని ప్లగ్గు ఒకటి పోయింది. "ఒకటి పోయిందంటే మిగతావి కూడా దారి పట్టినట్టే" అని మేస్త్రి వియ్యంకుడి దుకాణం నుంచి కొత్తవి నాలుగూ తెప్పించాడు. తన పద్ధతి ప్రకారం ఒక్కొక్కటీ బ్యాటరీకి పెట్టి చూశాడు. ఇవి పాత వాటిలా నసగకుండా తీగ ఆనీ ఆనగానే భగ్గున ఎర్రబడ్డాయి. "భలే సరుకు" అని మెచ్చుకుంటూ బిగించాడు. బండి మొదటి రోజు చెప్పినట్టు విన్నది. రెండో రోజు కొంచెం గునిసింది. మూడో రోజు పొద్దున్న అసలు లేవలేదు.

మేస్త్రి వెళ్లి విప్పి చూస్తే ప్లగ్గులన్నీ చచ్చి ఉన్నాయి. మళ్లీ కొత్తవి తెప్పించాడు, మళ్లీ పరీక్ష చేశాడు, మళ్లీ ఎరుపొచ్చింది, మళ్లీ చచ్చాయి.

ఆ రెండోసారి టీచరమ్మ గేటు దగ్గర చాలాసేపు నిలబడి, ఇక లాభం లేదని ఎవరినో పట్టుకుని ఆస్పత్రికి చేరేసరికి ఆవిడ యంత్రం పక్కన మంచం మీద ఇంకొకరిని పడుకోబెట్టేశారు. సాయంత్రం దాకా కుర్చీలోనే కూర్చుంది. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు, ఊపిరి కూడా సరిగా ఆడలేదట. ఆస్పత్రిలో బళ్లు చూసుకునే ఆవిడ మేస్త్రి కూతుర్ని పక్కకు పిలిచి, "నీమీద కోపం కాదమ్మా. వాళ్లకి ఆగే వీల్లేదు. ఇంకొక్కసారి ఇలా అయితే వేరే బండి మాట్లాడుకుంటాం" అని చెప్పింది.

ఈ మాట చెవిన పడ్డాక మేస్త్రి ఇంట్లో నిలవలేదు. చచ్చిన ప్లగ్గులు గుప్పిట్లో పట్టుకుని నేరుగా దుకాణానికి వెళ్లి, నలుగురు కొనేవాళ్లు నిలబడి ఉండగానే వాటిని బల్ల మీద గలగలమని పోశాడు.

"ఏం బావగారూ, కోడలి బండికి కూడా ఈ నకిలీ సరుకేనా?"

వియ్యంకుడు ఒక ప్లగ్గు తీసుకుని లైటు కింద పెట్టి దాని కొనను చూశాడు. ఇంకొకటి తీసి చూశాడు. తరవాత తలెత్తి మేస్త్రి మొహంలోకి చూశాడు. ఏదో అనబోయి ఆగాడు.

"మార్చి ఇస్తాను బావగారూ" అన్నాడు.

"మీ సరుకు నాకొద్దు. నా పిల్ల బండికి ఎక్కడ తెచ్చుకోవాలో నాకు తెలుసు" అని మేస్త్రి వెనక్కి తిరిగాడు. వియ్యంకుడు ఎదురు చెప్పకపోవడమే ఆయనకి సాక్ష్యమైపోయింది. తప్పు లేనివాడైతే ఒక్క మాటైనా అనడా అని దారంతా తనలో తనే వాదించుకున్నాడు. ఆ వాదనలో అవతలి పక్షం వకీలు కూడా తానే కాబట్టి తేలిగ్గానే గెలిచాడు.

ఇంటికొచ్చాక భార్య అంతా విని, "పిల్ల ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగాలా వద్దా?" అంది.

"తిరగడానికి ముందు బండి కదలాలిగా" అన్నాడు మేస్త్రి.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి అటు చివరున్న వేరే దుకాణానికి వెళ్లాడు. ఉన్నవి నాలుగే అంటే ఆ నాలుగూ తెచ్చాడు. సోమవారం టీచరమ్మ వంతు. ఈసారి ఇక తప్పకూడదు. మధ్యాహ్నం షెడ్డులో వైస్ ముందు కూర్చుని ప్లగ్గు బిగించాడు. తీగ ఆనించాడు. భగ్గున ఎరుపొచ్చింది. మనసు కుదుటపడింది. మూడు ప్లగ్గులు అలాగే తేల్చేసి నాలుగోది బిగించి తీగ ఆనించినప్పుడు, భార్య టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమండీ, అమ్మాయి అత్తగారు కనబడ్డారు. నన్ను చూసి నవ్వారు గాని, ఎప్పట్లా కాదు."

మేస్త్రి తలతిప్పి ఆమె వైపు చూశాడు. చేతిలో తీగ అలాగే ఉండిపోయింది. "ఎప్పట్లా కాదంటే?" అని అడుగుతున్నాడు, ఇంతలో ముక్కుకి కమురు వాసన తగిలింది. చటుక్కున ఇటు తిరిగాడు. ప్లగ్గు కొన ఎరుపు దాటి తెల్లగా మండుతోంది. ఆయన చూస్తుండగానే అది బొబ్బలా ఉబ్బి, చిటుక్కుమని చప్పుడు చేసి ఆరిపోయింది. మళ్లీ తీగ ఆనించాడు. ఉలుకూ పలుకూ లేదు.

మొదట ఆయనకి నకిలీ అనే మాటే వచ్చింది నోటి దాకా. అక్కడే ఆగిపోయింది. ఇది బావగారి సరుకు కాదు. ఊరికి రెండు కొసల్లో ఉన్న రెండు దుకాణాల వాళ్లు కూడబలుక్కుని ఒక్క మేస్త్రినే మోసం చేస్తారా? ఆ ప్లగ్గును కళ్ల దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఒంటి మీద ఏవో గీతల్లాంటివి ఉన్నాయి.

"నీ కళ్లజోడు ఇలా ఇయ్యి."

"మీకెందుకు? మీ కళ్లు బాగున్నాయిగా" అంది ఆమె, కుట్టుపనికి పెట్టుకునే కళ్లజోడు తీసిస్తూ.

ఆయన దాన్ని ఎర్రటి ముక్కు మీద పెట్టుకున్నాడు. గీతలు కాస్తా అంకెలయ్యాయి. అయిదు వోల్టులు. తన బ్యాటరీ పన్నెండు. పాత బళ్ల ప్లగ్గులు నేరుగా బ్యాటరీ కరెంటుకే పనిచేసేవి. ఈ కొత్త వ్యానులో మధ్యన ఒక పెట్టె ఉండి, కరెంటు తగ్గించి వాటికి అందిస్తుంది. ఆ పెట్టె సంగతి ఆయన వినకపోలేదు. అది బండి గొడవ, ప్లగ్గు గొడవ కాదనుకుని వదిలేశాడు. ఎర్రబడేదాకా ఆగి, ఎరుపు ముదిరేదాకా ఆగి, బతికున్న ప్లగ్గుల్ని తన చేత్తోనే సగం చంపి మరీ బిగించాడు. అవి బండిలోకి వెళ్లి రెండు మూడు పొద్దులు ఎలాగో లాగి ప్రాణం వదిలాయి. ఎంత బాగా ఎర్రబడితే అంత బాగా చచ్చాయి.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అలాగే స్టూలు మీద కూలబడ్డాడు. మిగతా మూడూ కూడా నమ్మదగ్గవి కావు. తెచ్చిన దుకాణంలో ఇక లేవు. ఉన్నది ఒక్కచోటే.

"టీ చల్లారిపోతోంది" అంది భార్య. ఆమె ఆయన మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా కళ్లజోడు ఆయన దగ్గరే వదిలేసి లోపలికి వెళ్లింది. ఆయన్ని ఆ ఒక్క పూటయినా దెప్పకుండా ఊరుకున్నందుకు ఆ ఇల్లాలికి దణ్ణం పెట్టాలి.

సాయంత్రం వెలుగుండగానే మేస్త్రి కాలిన ప్లగ్గులు గుడ్డలో చుట్టుకుని బయల్దేరాడు. ఆ నాలుగు వీధులూ ఆయనకి ఎన్నడూ అంత పొడుగ్గా అనిపించలేదు. దుకాణం షట్టరు సగం దించి ఉంది. వియ్యంకుడు లోపల స్టూలు మీద కూర్చుని నట్లు ఏరుతున్నాడు. ఆయన లేచి ఇంకో స్టూలు ముందుకు జరిపాడు. మేస్త్రి కూర్చోలేదు. గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు. ఈసారి గలగలమని చప్పుడు చెయ్యలేదు.

"బావగారూ, మీ సరుకు మంచిదే. నేనే కాల్చాను. అన్నీ నేనే."

"తెలుసండీ" అన్నాడు వియ్యంకుడు.

మేస్త్రి నిర్ఘాంతపోయాడు. "ఎప్పట్నించి?"

"మొన్న మీరు బల్ల మీద పోశారుగా. కొనలు ఉబ్బి ఉన్నాయి. ఎక్కువ కరెంటు పడితేనే అలా అవుతాయి."

"మరి ఆ మాట అప్పుడే అనొచ్చుగా."

వియ్యంకుడు నట్ల వైపు చూస్తూ చెప్పాడు. ఆయన జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడేనేమో. "ఎలా అంటానండీ. పిల్లనిచ్చినవారు. నలుగురి ముందు మీ చేతి పని తప్పని నేనంటే బావుంటుందా? మీ అంతట మీకే తెలుస్తుందనుకున్నాను. ప్లగ్గులే కదా, పోతే పోయాయిలే అని ఊరుకున్నాను."

"ప్లగ్గులే పోయాయా మావయ్యగారూ?"

పైనున్న ఇంట్లోంచి దిగే వెనక మెట్ల మీద కోడలు నిలబడి ఉంది. ఎంతసేపట్నించి వింటోందో తెలియదు. కిందికి దిగి ఇద్దరి మధ్యకీ వచ్చింది. గొంతు పెంచలేదు.

"నాన్న మిమ్మల్ని నలుగురిలో దొంగన్నాడు. మీరు నాన్నని నలుగురిలో చిన్నబుచ్చకూడదనుకున్నారు. మీ కోపం బాగుంది, మీ మర్యాద బాగుంది. మధ్యన ఆ టీచరమ్మకి ఊపిరాడలేదు. ఆవిడకి నేనేం చెప్పను, మా పెద్దవాళ్లు ఒకళ్లనొకళ్లు గౌరవించుకుంటున్నారండీ, మీరు కాస్త ఓపిక పట్టండి అని చెప్పనా?"

కూతురు అలా మాట్లాడితే మామూలుగా మేస్త్రి ముక్కు ఎర్రబడాలి. ఆ రోజు మొహమంతా పాలిపోయింది. తప్పు తెలియక చేసినవాడు తను, తెలిసి ఊరుకున్నవాడు ఆయన. ఇద్దరిలో ఎవరిది పెద్దదో తేల్చే ఓపిక ఆ పిల్లకి లేదు, ఉండక్కర్లేదు కూడా.

"రేపు ఆ బండి లేవాలి నాన్నా" అంది, అప్పటికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది తప్ప నాకింకేం వద్దు."

వియ్యంకుడు లేచి నిచ్చెన వేసుకుని పై అరలోంచి నాలుగు ప్లగ్గులు దించాడు. కోడలి కోసం పక్కన దాచి ఉంచినవే. మేస్త్రి కళ్లజోడు పెట్టుకుని ఒంటి మీద అంకె చూశాడు. ముగ్గురూ వ్యాను దగ్గరికి నడిచారు. వియ్యంకుడు టార్చి పట్టుకున్నాడు. మేస్త్రి పాతవి విప్పి, బొక్కలు తుడిచి, మొదటి కొత్త ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి బ్యాటరీ వైపు వెళ్లింది. సగం దూరం వెళ్లి ఆగింది.

"కావాలంటే మీటర్ తెస్తాను. దాంతో చూస్తే కాలవు" అన్నాడు వియ్యంకుడు మెల్లగా.

"వద్దులెండి. ఎరుపు నాకు ఎప్పుడో కనబడింది. పెళ్లికి ముందు మీ దుకాణానికి బేరింగు కోసం వచ్చాను. మీకు గుర్తుండదు. మిమ్మల్ని పరీక్ష చెయ్యడానికే వచ్చాను."

"గుర్తుందండీ. అప్పుడే తెలుసు మీరెవరో. మీ ముక్కు తెలియనివాళ్లెవరు?"

ప్లగ్గు బిగించబోతున్న మేస్త్రి చేతిలో స్పానరు ఆగిపోయింది. "తెలిసే ఆ మాట అన్నారా? అయితే అది పరీక్షే కాదన్నమాట."

"అదేముంది బావగారూ. ఆ బేరింగు మీకు నిజంగానే సరిపడదుగా."

టార్చి వెలుతురు కొంచెం వణికింది. నవ్వుతున్నాడని మేస్త్రికి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది, ఎందుకంటే ఆ మనిషి నవ్వడం ఆయన అంతకు ముందు చూసి ఎరగడు. తరవాత ఇద్దరూ కలిసి నాలుగూ బిగించారు.

తెల్లవారేసరికి చలి ఎముకల్లోకి దిగింది. వ్యాను అద్దాల మీద మంచు పేరుకుని తెల్లగా ఉంది. మేస్త్రి వచ్చేసరికే వియ్యంకుడు దుప్పటి కప్పుకుని అక్కడ నిలబడి ఉన్నాడు. కూతురు అద్దం తుడుచుకుని లోపల కూర్చుంది. తాళం పెట్టి, తిప్పకుండా ఆగి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నాన్నా, పరీక్ష చేశావా వాటిని?"

"లేదమ్మా" అన్నాడు మేస్త్రి. "మీ మావయ్యగారిచ్చారు, పెట్టాను."

ఆమె తండ్రి వైపు ఒక్క క్షణం చూసింది. ఆ మాట ఆయన నోట వస్తుందని ఆమె అనుకుని ఉండదు. తాళం సగం తిప్పింది. ముందు పలక మీద పసుపు దీపం వెలిగింది. లోపల ఎక్కడో, ఎవరి కంటికీ కనబడని చోట, నాలుగు కొనలు ఎర్రబడుతూ ఉండాలి. ఉన్నాయో లేదో ఆయనకి తెలియదు. ముప్పై నలభై ఏళ్ల పనిలో మేస్త్రికి అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. చేతులు చంకల్లో దోపుకుని నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

దీపం ఆరింది, ఇక తాళం తిప్పొచ్చని గుర్తు. ఆమె తాళం పూర్తిగా తిప్పింది. ఇంజను ఒకసారి గొంతు సవరించుకుని, కొంచెం పొగ వదిలి, ఒకే తీరున నడవసాగింది.

ఆమె గేరు వేసి కదిలింది. ఇద్దరు వియ్యంకులూ ఒకరినొకరు పిలుచుకోకుండానే దాని వెనకాల వీధి మలుపు దాకా నడిచారు. అక్కణ్నించి టీచరమ్మ గేటు కనబడుతుంది.

బండి నమ్మకం లేదు, ఇంట్లోనే ఉండండి, వచ్చి పిలుస్తానని కూతురు ముందు రోజే ఆవిడకి ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ ఇంట్లో లేదు. శాలువా కప్పుకుని, సంచీ చేత పట్టుకుని, వాచిన పాదాల్ని వదులు చెప్పుల్లో దూర్చుకుని గేటు బయట నిలబడి ఉంది. ఎప్పట్నించి నిలబడిందో. రెండుసార్లు రాని బండి కోసం మూడోసారి కూడా వేళకి ముందే వచ్చి నిలబడింది.

మేస్త్రికి కళ్లలో నీళ్లు ఆగలేదు. భార్య కళ్లజోడు ఇంకా జేబులోనే ఉంది. అది తీసి పెట్టుకున్నాడు, తడి కనబడకుండా ఉంటుందని.

"చలి బాగా ఉంది" అన్నాడు.

"ఉందండీ" అన్నాడు వియ్యంకుడు, తన దుప్పటి సగం ఆయన భుజం మీదికి జరుపుతూ.

అక్కడ కూతురు దిగి టీచరమ్మ ఎడమ చెయ్యి పట్టుకుంది. ఆవిడ మెల్లగా బండెక్కింది.